మూత లోపలి చీటీలు

కాటాలు బాగుచేసే ఆవిణ్ణి వీధి వీధంతా కాటా అక్క అంటుంది. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు. విని విని అలవాటైపోయి ఒకసారి సొంత మేనమామే నోరు జారి అక్కా అన్నాడు. ఆ సంగతి ఆవిడ ఇప్పటికీ ఆయన్ని మరిచిపోనివ్వదు. పక్కనే భర్త బేకరీ. రెండు దుకాణాలకూ మధ్య ఒకటే గోడ, గోడకు ఒక తలుపు. పొద్దస్తమానం ఆ తలుపులోంచి ఇటు రొట్టెల వాసన వస్తుంది, అటు అక్క గొంతు వెళుతుంది.

అక్క దుకాణం ఎనిమిది అడుగుల వెడల్పు. పొడవాటి బల్ల మీద పొట్ట విప్పిన కాటాలు నాలుగైదు ఎప్పుడూ ఉంటాయి. బల్ల చివర మఖమల్ గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో ముద్ర వేసిన తూనికరాళ్ళు ఉంటాయి. వాటిని ఆమె తప్ప మరొకరు ముట్టుకోకూడదు. భర్త ఒకసారి పిండి చేతులతో ముట్టుకున్నాడు. ఆ రోజు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఆయన చేతులు వెనక్కి కట్టుకుంటాడు.

ఆమెకు రెండు నియమాలున్నాయి. తెర మీద అంకె ఎంత అందంగా మెరుస్తున్నా, ముద్ర రాయి పెట్టి చూసేదాకా ఏ కాటానూ నమ్మదు. రెండోది, మూత లోపలి చీటీ. కాటా విప్పినవాళ్ళు మళ్ళీ మూత బిగించే ముందు లోపల చిన్న కాగితం అంటించాలి. ఎవరు విప్పారు, ఏ రోజు, ఏం మార్చారు. ఊరికే విప్పి చూసి ఏమీ మార్చకపోయినా సరే, చీటీ పెట్టాల్సిందే. దుకాణం పేరు రాస్తే ఒప్పుకోదు. దుకాణాలు చేతులు మారతాయి, పేర్లు మారతాయి, రేపు తూకం తప్పితే అడగడానికి మనిషి కావాలంటుంది. ఆమెకు పని నేర్పిన ముసలి మేస్త్రీ పెట్టిన పద్ధతి ఇది. అక్క చేతిలో పడి అది పట్టుదల అయింది, ఇంకొంచెం ముదిరితే జబ్బు అయ్యేది.

తొమ్మిదేళ్ళ క్రితం బేకరీలో పిండి తూచే కాటాకు బోర్డు కాలిపోయింది. తయారుచేసిన కంపెనీకి ఫోను చేస్తే, ఆ మోడల్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. బరువు మోసే లోపలి భాగం రాయిలా ఉంది, లెక్క చెప్పే బోర్డు ఒక్కటే పోయింది. అక్కకు ఒళ్ళు మండింది. "తలనొప్పని వెళితే మనిషినే మార్చుకోమంటారేంటండీ వీళ్ళు" అని భర్త మీద అరిచింది. పాపం, ఆయన ఆ కంపెనీ మనిషి కాదు, అయినా తల వంచుకుని విన్నాడు.

తరువాత ఆరు నెలలు ఆమె ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది. బజారులో దొరికే చవక బోర్డు ఒకటి తెచ్చి, పాత కాటా చెప్పే మాట దానికి అర్థమయ్యేలా పట్టుబట్టి రాసింది. ముద్ర రాయి పెట్టినప్పుడు కిలో అని సరిగ్గా తేలిన రోజు బేకరీ అంతా గంతులు వేసింది. ఆ ప్రోగ్రాంను నెట్‌లో పెట్టేసింది. ఎవరైనా తీసుకోవచ్చు, ఏ పనికైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకటే షరతు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే, లోపల ఏం మార్చారో అది కూడా ఇదే పద్ధతిలో తెరిచి ఇవ్వాలి. ఓపెన్ సోర్స్ అంటే ఇదేనని ఆమెకు తరువాత ఎవరో చెబితే తెలిసింది.

ఎక్కడెక్కడి కాటా మెకానిక్కులో దాన్ని అందుకున్నారు. తమ దగ్గరున్న పాత కాటాల మాటలు కూడా అందులో చేర్చి పంపారు. ప్రతివాళ్ళకూ అక్క ఒకటే జవాబు రాసేది, "బాగుంది, చీటీ ఏదీ" అని. ప్రోగ్రాం పై భాగాన అలా చీటీలు పేరుకుంటూ వచ్చాయి. ఇప్పుడది నూట నలభై రకాల కాటాలతో మాట్లాడుతుంది. పారేయాల్సిన కాటాలు ఎన్ని దుకాణాల్లో ఇంకా తూస్తున్నాయో అక్కకే తెలియదు.

ఒక సోమవారం పొద్దున ఆమె మరిది పరుగు పరుగున బేకరీలోకి వచ్చి పడ్డాడు. పదేళ్ళప్పుడు వదిన చేతుల్లోకి వచ్చాడు, ఇప్పుడు పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాడు. పెద్ద పెద్ద స్టోర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అది.

"వదినా, కూర్చో. ముందు కూర్చో" అన్నాడు ఆయాసపడుతూ.

"నువ్వు కూర్చోరా, పడిపోయేట్టున్నావు."

"మా వాళ్ళకి నీ ప్రోగ్రాం కావాలంట. మా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో కలుపుతారంట. కొన్ని వేల స్టోర్లు వదినా. ఆ భాగానికి పెద్దగా నీ పేరే వేస్తారు. పెద్ద సభ పెట్టి నిన్ను వేదిక మీద కూర్చోబెడతారు. శుక్రవారం రమ్మన్నారు. ఒక్క కాగితం మీద సంతకం పెడితే చాలు."

అక్క కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ పూట మూడు కాటాలకు తప్పు స్క్రూలు బిగించి మళ్ళీ విప్పింది. వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది. చెప్పనివాళ్ళకు భర్త చెప్పాడు. "మా ఇంట్లో అన్నిటికీ తూకం ఉంది, నా మాటకే బరువు లేదనుకునేవాణ్ణి. ఇక అసలే ఉండదు" అని ఆయన రొట్టెలు కొనేవాళ్ళందరి దగ్గరా మురిసిపోయాడు. ఎనిమిది అడుగుల దుకాణంలో కూర్చుని రాసింది వేల స్టోర్లలోకి వెళుతోందంటే ఎవరికి ఒళ్ళు పొంగదు. అక్కకు పొంగింది, దాచుకోలేదు కూడా.

అయితే అక్క అక్కే కదా. మంగళవారానికి ఆమెకు ముద్ర రాయి గుర్తొచ్చింది. ఓపెన్ అని బోర్డు కట్టారు సరే, రాయి పెట్టి చూడాలి కదా అనుకుంది. ఆ కంపెనీ ఓపెన్ సోర్స్ అని చెప్పుకునే సాఫ్ట్‌వేర్‌ను దింపుకుని, ముందు షరతులు చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ తేనె పూసినట్టుంది. అందరం కలిసి కడదాం, పంచుకుందాం అని రాశారు. నాలుగో పేజీలో అసలు విషయం బయటపడింది. చూడొచ్చు, చదివి నేర్చుకోవచ్చు. రెండు కౌంటర్లకు మించిన దుకాణంలో నడపాలంటే కంపెనీ అనుమతి కావాలి. దీన్ని బాగుచేసిపెట్టే పని ఇంకెవరూ వ్యాపారంగా చేయకూడదు.

అక్క ఆ చివరి వాక్యం మూడుసార్లు చదివింది. బాగుచేయకూడదట. ఆమె బతుకంతా ఆ ఒక్క పని మీదే ఉంది.

సరే, నడిపైనా చూద్దామని నెట్ తీగ పీకేసి సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టింది. తెర మీద ఒక చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, కంపెనీ నుంచి అనుమతి కోసం ఎదురుచూస్తున్నాం అని వచ్చి ఆగిపోయింది. అక్కకు ముందు నవ్వొచ్చింది. ఆ తరువాత భయం వేసింది. రేపు తన ప్రోగ్రాం కూడా ఈ చక్రం వెనక్కి వెళ్ళిపోతే, దాని మీద ఆధారపడ్డ మెకానిక్కులందరూ ఎవరి అనుమతి కోసం కూర్చోవాలి?

వెంటనే మరిదికి ఫోను చేసింది.

"ఏరా, మీది ఓపెన్ అన్నావు."

"అవును వదినా. ప్రతి లైనూ కనిపిస్తుంది కదా. పెద్ద కంపెనీల్లో దాన్నే ఓపెన్ అంటారు."

"మీ అన్నయ్య అద్దాల బీరువాలో కేకు కూడా కనిపిస్తుంది. కనిపిస్తే తిన్నట్టేనా?"

మరిదికి కోపం వచ్చింది. అతను చెప్పినదాంట్లోనూ న్యాయం లేకపోలేదు. "వదినా, వందమంది ఏళ్ళ తరబడి కూర్చుని రాసింది అది. మొత్తం వదిలేస్తే, మాకంటే పెద్దవాడెవడో ఎత్తుకుపోయి మా మీదకే పోటీకి వస్తాడు. అప్పుడు మా జీతాలెవరిస్తారు?"

"ఆ భయం ఉంటే మూత వేసుకోండిరా, నేను తప్పు పట్టను. అది మీ సొత్తు. మూత వేసుకుని, తెరిచే ఉంది రండి అని బోర్డు కట్టడం దేనికి?"

అతను మాట మార్చాడు. "శుక్రవారం మాత్రం రా వదినా. నువ్వొస్తావని అందరికీ చెప్పాను. నా పరువు తీయకు" అన్నాడు చివరికి. పెంచిన చెయ్యి కదా, కాదనలేకపోయింది.

శుక్రవారం అక్క భర్తను వెంటబెట్టుకుని బయలుదేరింది. ఆయన చేతిలో వేడి రొట్టెల పెట్టె, ఆమె చేతిలో సంచీ, సంచీలో బేకరీ కాటా. కాటా గురించి మాట్లాడేచోట కాటా లేకపోతే ఎలాగని ఆమె వాదన. గేటు దగ్గర కాపలా అతను సంచీ తెరిపించి, ఇదేమిటని అడిగాడు. కాటా అంది. ఎందుకన్నాడు. మీటింగుకు వచ్చిందంది. అతను సందర్శకుల పుస్తకంలో ఏం రాయాలో తోచక ముగ్గురు అని రాసి లోపలికి పంపాడు.

ఎనిమిదో అంతస్తులో గది నాలుగు వైపులా అద్దాలే. లోపల పెద్ద మేనేజరు, కంపెనీ లాయరమ్మ, మరిది కూర్చుని ఉన్నారు. మేనేజరు లేచి ఎదురొచ్చి కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అక్క ప్రోగ్రాంను తాను స్వయంగా చదివానన్నాడు, అందులో రెండు చోట్ల ఎంత తెలివిగా రాసిందో విడమరిచి చెప్పాడు. నిజంగానే చదివాడు. అక్క మొహం వెలిగిపోయింది. తొమ్మిదేళ్ళలో ఆ రెండు చోట్లను మెచ్చుకున్న మొదటి మనిషి అతనే. లాయరమ్మ పదకొండు పేజీల కాగితం ముందుకు జరిపి, పక్కన కలం పెట్టింది.

అక్క కాగితం మొత్తం చదివింది. అందరూ ఓపికపట్టారు, భర్త మాత్రం ఆ అద్దాల్లోంచి కిందికి చూసి కళ్ళు తిరిగి కుర్చీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఒక సందేహం" అంది అక్క. "నా ప్రోగ్రాం వాడుకోవడానికి మీకు నా సంతకం ఎందుకండీ? తొమ్మిదేళ్ళ కిందటే అందరికీ ఇచ్చేశాను. అందరిలో మీరూ ఉన్నారు. ఈ పూటే తీసుకోండి, వేల స్టోర్లలో పెట్టుకోండి, అమ్ముకోండి. మార్చింది ఎవరికిస్తే వాళ్ళకి తెరిచి ఇవ్వండి, అంతే. మరి సంతకం దేనికి?"

మేనేజరు సర్దుకుని కూర్చున్నాడు. భాగస్వామ్యం అన్నాడు, భద్రత అన్నాడు, భవిష్యత్తు అన్నాడు. అక్క అతన్ని వదిలి లాయరమ్మ వైపు చూసింది.

లాయరమ్మ సూటి మనిషి. "ఈ కాగితంతో హక్కులు మాకు వస్తాయి. తరువాత ఎప్పుడైనా మేం షరతులు మార్చుకోవచ్చు" అంది.

"అంటే మూత వేసుకోవచ్చు."

"వేసుకోవచ్చు."

ఆ జవాబుకు అక్కకు ఆ లాయరమ్మ మీద చెప్పలేనంత గౌరవం పుట్టింది. అయినా కలం మీద నుంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఎందుకు దాచాలి, ఆశ పడింది. వేదిక, పేరు, ఆ రెండు చోట్లను చదివి మెచ్చుకున్న ఈ మనిషి, అన్నీ ఒక్క సంతకం దూరంలో ఉన్నాయి. ఎదురుగా మరిది కళ్ళతోనే బతిమాలుతున్నాడు. అక్క కలాన్ని చేతిలోకి తీసుకుంది, బరువు చూసినట్టు ఒకసారి ఊపి, మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"నా వంతు వరకు నేను పెట్టను. కావాలంటే మిగతావాళ్ళని అడగండి" అంది.

"మిగతావాళ్ళెవరు?" అన్నాడు మేనేజరు. "రాసింది మీరే కదా?"

అక్క జేబులోంచి స్క్రూడ్రైవరు తీసింది. బేకరీ కాటాను బల్ల మీద బోర్లించి నాలుగు స్క్రూలు విప్పి మూత తిప్పి చూపించింది. లోపలంతా చీటీలు. పసుపు పచ్చబడ్డవి, నూనె మరకలవి, ఒకదాని అంచు మీద ఒకటి. అన్నిటికంటే అడుగున ఉన్నది ముసలి మేస్త్రీ చేతిరాత.

"మా పనిలో చెయ్యి పెట్టినవాళ్ళు చీటీ పెట్టాలి. ప్రోగ్రాంలోనూ అదే అలవాటు చేశాను. పైన చూడండి" అంది.

లాయరమ్మ కంప్యూటరు తన వైపు తిప్పుకుని ప్రోగ్రాం పై భాగం తెరిచింది. చదివేకొద్దీ ఆమె కనుబొమలు పైకి వెళ్ళాయి. "అరవై మూడు పేర్లు" అంది. "వీళ్ళెవరైనా తమ హక్కు మీకు రాసిచ్చారా?"

"ఎందుకిస్తారు? ఎవరి చెయ్యి వాళ్ళది. నేను అడగనూ లేదు."

పెద్ద కంపెనీల్లో ఇలాంటివి మొదటి రోజే రాయించుకుంటారు. అక్కకు ఆ తెలివి లేకపోవడమే అందరి పాలిటా కొండంత అండ అయింది. ఆమె ఆశకు లొంగి సంతకం పెట్టినా, ఆ ఒక్క సంతకంతో మూత పడదు. ఆ సంగతి అక్కకే అప్పుడు, ఆ అద్దాల గదిలో బుర్రకెక్కింది. సంతోషం పట్టలేక భర్త మోచెయ్యి గిల్లింది. ఎందుకు గిల్లిందో ఆయనకు అర్థం కాలేదు.

మేనేజరు మాత్రం వెనక్కి తగ్గే రకం కాదు. "ఏం ఫరవాలేదు. ఈవిడ రాసిన భాగం మనం మళ్ళీ రాసుకుందాం. మిగతావాళ్ళకి ఒక్కొక్కరికీ ఉత్తరం రాద్దాం. ఎవరు కాదంటారు?" అన్నాడు.

అక్క భర్త మోచెయ్యి వదిలేసింది. నిజమే, ఒక్కొక్కళ్ళను విడివిడిగా అడిగితే, పెద్ద కంపెనీ కలం ముందు ఎంతమంది నిలబడతారు?

అప్పుడే లాయరమ్మ తెర మీద వేలు ఆపింది. "మూడో చీటీ," అని పైకి చదివింది. "బేకరీ మరిది. కాటా మీద ఏమీ లేకపోయినా మూడు గ్రాములు చూపిస్తోంది. సున్నా దగ్గర నిలిపాను."

గదిలో ఉన్న ఒకే ఒక్క మరిది వైపు అందరూ తిరిగారు. అక్క కూడా తిరిగింది. ఆమెకు ఆ చీటీ గుర్తే లేదు. అతనికీ లేదు. అతను లేచి వచ్చి తెర మీదకు వంగి, పందొమ్మిదేళ్ళ వయసులో తను రాసిన వాక్యాన్ని ఎవరిదో చదివినట్టు చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకేం, మొదటి సంతకం మన ఇంట్లోనే దొరికింది" అని మేనేజరు నవ్వుతూ కలాన్ని అతని వైపు దొర్లించాడు.

కలం దొర్లి దొర్లి అతని చేతి దగ్గర ఆగింది. అక్క ఏమీ అనలేదు. అనకుండా ఉండడం ఆమెకు ఎంత కష్టమో భర్తకు తెలుసు. ఉద్యోగం అతనిది, నాలుగేళ్ళ కష్టం అతనిది, పై అధికారి ఎదురుగా ఉన్నాడు. ఆమె బల్ల కింద రెండు చేతులూ ముడుచుకుని కూర్చుంది.

"సార్," అన్నాడు మరిది. కలాన్ని చేతిలోకి తీసుకున్నాడు. "సార్, ఆ మూడు గ్రాములు పట్టుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. కాలేజీ ఎగ్గొట్టి ఆ పిండి బస్తాల మధ్యే కూర్చున్నాను. అది వదినకి ఇవ్వలేదు, మనకీ ఇవ్వలేదు. అందరికీ ఇచ్చాను. నేను సంతకం పెట్టను."

కలాన్ని జాగ్రత్తగా లాయరమ్మ ముందు పెట్టేశాడు.

అక్కకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెత్తిన ఉన్న కళ్ళజోడు గబగబా కిందికి దించి పెట్టుకుంది. లాయరమ్మ పదకొండు పేజీలూ సర్ది ఫైల్లో పెట్టేసి మేనేజరుతో, "మన మనిషే కాదన్నాడు, మిగతావాళ్ళు మాత్రం ఇస్తారా? కాదన్న ప్రతివాళ్ళ భాగమూ మళ్ళీ రాస్తూ కూర్చోలేం. ఇక ఆవిడ షరతు మీద తీసుకోవడమే దారి. కాటాలతో మాట్లాడే భాగాన్ని విడిగా ఉంచి, మనం మార్చింది తెరిచి ఇస్తే మన మిగతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చే ఇబ్బందేం లేదు" అంది. మేనేజరు పైవాళ్ళతో మాట్లాడాలన్నాడు. రెండు నెలలు మాట్లాడి మాట్లాడి ఆ దారికే వచ్చారు, మరిది ఉద్యోగమూ నిలిచింది. కానీ ఆ రోజు ఆ గదిలో ఎవరికీ అది తెలియదు. భర్త రొట్టెల పెట్టె తెరిచాడు. ముందు చెయ్యి చాపింది మేనేజరే.

అక్క స్క్రూలు ఏరుకుని మూత పెట్టబోయి ఆగింది. బల్ల మీది తెల్లకాగితం నుంచి చిన్న ముక్క చింపి మరిది ముందు పెట్టింది.

"రాయి. మూత తీశాం కదా."

"విప్పింది నువ్వు కదా వదినా."

"విప్పింది నేనే. తెరిచి ఉంచింది నువ్వు."

అతను తేదీ వేసి, పేరు రాసి, కాసేపు ఆలోచించి కింద ఒక్క వరుస రాశాడు. అక్క దాన్ని ముసలి మేస్త్రీ చీటీ పక్కన అంటించి నాలుగు స్క్రూలూ బిగించింది. ఆ వరుస ఇది: అందరి ముందూ మూత తెరిచి చూపించాం. ఏమీ మార్చలేదు.